పాత షావుకారు బాకీ తీర్చబోతున్నారా? ముందు కాగితాల సంగతి చూసుకోండి

మార్చి నెలాఖరు దగ్గర పడుతోందంటే గుంటూరు మిర్చియార్డు కమీషన్ కొట్లలో పాత ఖాతాలన్నీ బయటికొస్తాయి. ఎప్పుడో మానేసి వెళ్లిన గుమాస్తాకి కూడా పాత షావుకారు నుంచి ఫోను వస్తుంది: "ఏమయ్యా, మన లెక్క ఏం చేశావు?" ఆస్పత్రి ఖర్చుకో పిల్ల పెళ్లికో అడిగినప్పుడు లేదనకుండా అప్పు ఇచ్చిన మనిషి. బాకీ తీర్చాల్సిందే, అందులో వాదన లేదు. చిక్కంతా మొహమాటంతోనే. ఇన్నేళ్లు జీతమిచ్చిన అయ్యగారిని కాగితం ఎలా అడుగుతాం అని ఊరుకుంటే, రేపు ఆయన కొడుకు దగ్గర మన మాటకు విలువుండదు.

డబ్బు తీసుకెళ్లే ముందు, ఆ రోజు ఏమేం ఇచ్చామో గుర్తు తెచ్చుకోండి. ప్రోనోటు (అప్పు తీరుస్తామని రాసిచ్చే కాగితం) ఒకటా, రెండా? స్టాంపు మీద సంతకం పెట్టి మిగతాది ఖాళీగా వదిలేశామా? చెక్కు ఇచ్చామా, దాని నంబరెంత? జామీను ఎవరున్నారు? ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడే ఉండిపోయాయా? ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఇస్తే దాన్ని నింపుకునే హక్కు చట్టమే ఇస్తుంది. ఆ తర్వాత "నేనంత తీసుకోలేదు" అని రుజువు చేసుకునే భారం మన నెత్తినే పడుతుంది.

వడ్డీ లెక్క ఇంట్లోనే వేసుకుని వెళ్లాలి. లక్షన్నర అసలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనుకుందాం. నెలకు 3,000. పది నెలలకు 50,000 కట్టారు. అందులో 30,000 వడ్డీ కింద పోతే, 20,000 అసలులో తగ్గాలి. ఇక మీదట వడ్డీ 1,30,000 మీదే, అంటే నెలకు 2,600. ఇంకో పది నెలలకు మొత్తం 1,56,000 కడితే సరిపోతుంది. కొట్లో మాత్రం చాలాసార్లు ఇరవై నెలలకూ 3,000 చొప్పునే వేసి, చివర్లో 50,000 తీసేసి 1,60,000 అంటారు. నాలుగు వేలే కదా అనిపించొచ్చు. నాలుగైదు కంతులుగా కట్టినవాళ్లకు ఈ తేడా పెద్దదే అవుతుంది.

ఇక అసలు సంగతి ప్రోనోటు. దీని మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఈలోపు కొంత కట్టి, నోటు వెనక జమ రాసి మనం సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. అది వాళ్లకు లాభమని తెలిసినా జమ రాయించడమే మనకు మంచిది. ఎందుకంటే నోటును ఇంకొకరికి మేడోవర్ చేయొచ్చు, అంటే వాళ్ల పేరు మీదకు రాసిచ్చేయొచ్చు. షావుకారే చిక్కుల్లో పడి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేలా ఉంటే అలా చేతులు మారడం మామూలే. నోటు మీద జమ లేకపోతే, కొన్నవాడు మొత్తానికీ దావా వేస్తాడు. మనం చిన్న పుస్తకంలో రాసుకున్నది అప్పుడు అక్కరకు రాదు. జమ రాసిన వెంటనే రెండు వైపులా ఫొటో తీసుకోండి, ఎందుకంటే నోటు ఉండేది ఆయన బీరువాలోనే. అడగడానికి ఇబ్బందిగా ఉంటే ఇంట్లోవాళ్ల మీదకు నెట్టేయండి: "అయ్యగారూ, నోటు వెనక జమ రాసుకుందాం, ఇంట్లో లెక్క అడుగుతున్నారు." ఈ మాటకు కోప్పడినవాళ్లు తక్కువ.

మూడేళ్లు నిండబోతుంటే తిరగరాసివ్వమంటారు. అప్పటి వడ్డీ అసలులో కలిసిపోతుందని గుర్తుంచుకోండి. కొత్తది రాస్తే పాత నోటు ఆ పూటే చేతికి రావాలి. "తర్వాత వెతికిస్తాలే" అన్నారంటే కొత్తదాని మీద సంతకం కూడా తర్వాతే.

నగదు సంచి పట్టుకుని వెళ్లకండి. వడ్డీతో కలిపి బాకీ 20,000 లేదా అంతకు మించితే నగదుగా తీర్చడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. కట్టినంతా పెనాల్టీగా పడే ప్రమాదం ఉంది, అదీ తీర్చినవాడికే. బ్యాంకులో వేయండి, లేదా ఫోన్‌పే చేసి "అప్పు జమ" అని రాయండి. ఎవరి పేరు మీద నోటు ఉందో ఆ ఖాతాకే వెళ్లాలి. అబ్బాయి నంబరుకు కొట్టమన్నా, కొత్త గుమాస్తా ఖాతాలో వేయమన్నా ముందు అయ్యగారితో వాట్సాప్‌లో ఆ మాట రాయించుకోండి.

జీతం బాకీ ఉంటే దాన్ని అప్పులో నోటిమాటగా కలిపేయొద్దు. "ఆఖరి రెండు నెలల జీతం ఇందులో సరిపెట్టాం" అంటే ఆ ముక్క కాగితం మీద, తేదీతో ఉండాలి.

చివరి కంతు కట్టే రోజు యార్డుకు సెలవున్నప్పుడు వెళ్లండి. బస్తాలు దిగే హడావిడిలో ఎవరూ బీరువా తెరవరు. నోటు, చెక్కు ఎదురుగా పెట్టాకే డబ్బు పంపండి. మొత్తం తీర్చేవాడికి నోటు తిరిగి తీసుకునే హక్కు ఉంది. పోయిందంటే, మళ్లీ ఎవరైనా తెస్తే తనదే బాధ్యతని ఆయన చేత రాయించుకోవాలి. చెక్కు నంబరు కూడా అందులో ఉండాలి. తేదీ వేయని చెక్కు మీద రేపు ఏ తేదీ అయినా వేసుకోవచ్చు. అది బౌన్సయి నోటీసు వస్తే, అందిన 15 రోజుల్లో సొమ్ము కట్టకపోతే కేసు వేసే వీలుంటుంది. కాబట్టి నోటీసును పక్కన పడేయకుండా జమ ఫొటోలతో వెంటనే లాయరు చేత జవాబు పంపించండి. జామీను ఉన్నవాళ్లకు కూడా బాకీ తీరిందని చెప్పి, నోటు చూపించండి. వాళ్లకూ టెన్షన్ ఉంటుంది.

ఇన్ని చేసినా కోర్టు సమన్లు వస్తే వాయిదాకు వెళ్లి తీరాలి. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మన మాట వినకుండానే తీర్పు, అయిపోతుంది. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వొచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.