నెట్ పోయిన రోజు ఎవరికి ఫోను చేయాలి, ఎవరికి చేయకూడదు

బెంగళూరులో మారతహళ్లి నుంచి మున్నేకొలాల వైపు వెళ్లే దారిలో నాకు చిన్న కంప్యూటర్ మరమ్మతు దుకాణం ఉంది. చుట్టూ పీజీలు, అద్దె ఇళ్లు. వచ్చేవారిలో చాలామంది కడప, అనంతపురం, నెల్లూరు, ఒంగోలు వైపువాళ్లు. ఉద్యోగం చేసే పిల్లల దగ్గర నాలుగు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన తల్లిదండ్రులూ తక్కువేమీ కాదు. వీళ్లలో డబ్బు పోగొట్టుకున్నవారిని చూశాక నాకు ఒక విషయం బాగా అర్థమైంది. వాళ్లు అత్యాశకు పోయి మోసపోలేదు. ఇంట్లో నెట్ పోయింది, కంపెనీవాళ్లు ఫోను ఎత్తలేదు, విసుగెత్తి ఎక్కడో కనిపించిన నంబరుకు చేశారు. మోసగాడికి కావలసింది ఆ విసుగే. అందుకే నెట్ బాగుచేసుకునే పద్ధతినీ మోసపోకుండా ఉండే పద్ధతినీ కలిపి చెబుతున్నాను.

నెట్ బాగా పనిచేస్తున్న రోజునే ఒక పావుగంట కేటాయించండి. ఒక కాగితం మీద మీ కస్టమర్ ఐడీ, కనెక్షన్‌కు ఇచ్చిన మొబైల్ నంబరు, ప్లాన్ గడువు తేదీ, బిల్లు మీద అచ్చయిన కస్టమర్ కేర్ నంబరు, మీ వీధికి వచ్చే లైన్‌మన్ నంబరు రాయండి. బిల్లు కాగితం లేకపోతే కంపెనీ సొంత యాప్‌లో నంబరు ఉంటుంది. రౌటర్ దగ్గరే గోడకు అతికించండి. ఫోనులో దాచుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకు దొరకదు. తర్వాత రౌటర్ లైట్లన్నీ కనబడేలా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. చెడిపోయిన రోజు ఏ లైటు మారిందో చెప్పడానికి ఈ ఫోటో ఒక్కటే ఆధారం.

ఆ పావుగంటలోనే రౌటర్ పాస్‌వర్డు కూడా మార్చేయండి. వైఫై పాస్‌వర్డు వేరు, రౌటర్ లోపలి సెట్టింగులు తెరిచే పాస్‌వర్డు వేరు. రెండోది చాలా ఇళ్లలో కంపెనీవాళ్లు పెట్టినట్టే, ‘అడ్మిన్, అడ్మిన్’ అనే ఉంటుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే, కొన్ని రౌటర్లలో 192.168.0.1 అని కొడితే, ఆ పేజీ వస్తుంది. రౌటర్ అడుగున అంటించిన చీటీ మీద సరైన చిరునామా ఉంటుంది. లోపలికి వెళ్లాక అడ్మిన్ పాస్‌వర్డు మార్చి, వైఫై భద్రత డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3గా ఉందో లేదో చూసి, పాస్‌వర్డు కొట్టకుండానే మీట నొక్కి కలుపుకునే డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యాన్ని ఆపేయండి. పీజీలో ఉండేవారు వచ్చిపోయే స్నేహితులకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. వైఫై పాస్‌వర్డుగా మొబైల్ నంబరు పెట్టే అలవాటు మన వాళ్లలో చాలా ఉంది. దయచేసి మానండి, పక్కింటివాళ్లకు అది ముందే తెలుసు.

ఇక నెట్ పోయింది అనుకుందాం. ఎవరికీ ఫోను చేయకముందే ప్లాన్ గడువు చూసుకోండి. నెట్ పోయిందని నా దగ్గరికి రౌటర్ పట్టుకొచ్చినవాళ్లలో కొందరికి రీఛార్జ్ అయిపోవడం తప్ప వేరే జబ్బే లేదు. గడువు ఉంటే లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్లలో ముఖ్యమైనవి రెండు. పాన్ (PON) అని రాసి ఉన్నది పచ్చగా నిలకడగా వెలగాలి. ఎల్‌ఓఎస్ (LOS) అని రాసి ఉన్నది ఆరిపోయి ఉండాలి. అది ఎర్రగా కొట్టుకుంటుంటే మీ ఇంటికి వెలుతురు సంకేతం రావడం లేదని అర్థం. అప్పుడు మీరు ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఉపయోగం ఉండదు. మన నగరంలో ఈ తీగలు ఎక్కువగా చెట్ల కొమ్మల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వచ్చి కొమ్మ విరిగినా, రోడ్డు తవ్వినా తెగేది ఇవే. పక్క ఫ్లాట్‌లో అదే కంపెనీ నెట్ ఉంటే వాళ్లనూ అడగండి. వాళ్లకూ పోతే తప్పు మీ ఇంట్లో లేదు.

పక్కింట్లో బాగానే ఉండి, మీ దగ్గర మాత్రమే ఎర్ర లైటు వెలుగుతుంటే, రౌటర్ వెనక ఆకుపచ్చ కొన ఉన్న సన్నటి తీగ చూడండి. తలుపు సందులో నలిగిందా, మంచం కోడు కింద పడిందా, గోడ మూల దగ్గర గట్టిగా మడిచి ఉందా? లోపల ఉన్నది గాజు పోగు, రాగి కాదు. మడత పడితే వెలుతురు బయటికి పోతుంది. మడత విప్పి, కొన వదులుగా ఉంటే క్లిక్‌మనేదాకా నెట్టండి. తీగ బయటికి లాగితే దాని కొనలోకి కంటితో చూడవద్దు. అందులో వచ్చే లేజర్ కాంతి కంటికి కనిపించదు కాబట్టి ప్రమాదం తెలియదు. కొనను వేలితో తుడవడం కూడా మంచిది కాదు, చిన్న మరక చాలు సంకేతం తగ్గడానికి.

లైట్లన్నీ మామూలుగా ఉండి నెట్ మాత్రం రాకపోతే అప్పుడు రీస్టార్ట్ పనికొస్తుంది. స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయండి. మూడు నిమిషాలు ఓపిక పట్టండి. ఇక్కడ ఒక హెచ్చరిక. రౌటర్ వెనక సూది దూరేంత చిన్న కన్నం ఉంటుంది, పక్కన రీసెట్ అని రాసి ఉంటుంది. దాని జోలికి వెళ్లవద్దు. అది నొక్కి పట్టుకుంటే కంపెనీ పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డుతో సహా అంతా చెరిగిపోతుంది. గంటలో తేలాల్సిన పని రెండు రోజులకు పాకుతుంది. ‘రీసెట్ చేయండి’ అని ఫోనులో ఎవరు చెప్పినా, ఆ వివరాలు మళ్లీ ఎవరు పెడతారో అడిగి, జవాబు వచ్చాకే చేయండి.

కరెంటు పోయినప్పుడు వచ్చే సందేహం ఒకటుంది. అపార్ట్‌మెంటుకు జనరేటర్ ఉన్నా నెట్ ఎందుకు రాదు? చిన్న కేబుల్ ఆపరేటర్ల లైన్లలో వీధిలో ఉండే పెట్టెకూ కరెంటు కావాలి. అక్కడ పోతే మీ దగ్గర ఉన్నా లాభం లేదు. అక్కడ బ్యాకప్ ఉండి మీ రౌటరే ఆగుతుంటే, ఎస్పీ రోడ్డులో దొరికే చిన్న రౌటర్ యూపీఎస్ కొనుక్కోండి. కొనేముందు మీ అడాప్టర్ మీద 12 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు అన్నది చూసుకొని వెళ్లండి.

ఇప్పుడు ఫోను విషయం. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే.

ఒంగోలు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు ఫోను చెవి దగ్గర పెట్టుకునే నా దుకాణంలోకి వచ్చారు. కొడుకు ఆఫీసులో ఉన్నాడు. ఇంట్లో నెట్ పోతే, మొబైల్ డేటాతో వెతికి, కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకు ఈయన చేశారు. అవతలి మనిషి చక్కటి తెలుగులో, ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నాడు. ‘సార్, ఫిర్యాదు నమోదు కావాలంటే పది రూపాయలు కట్టాలి. నేను పంపిన లింకు నొక్కండి, యాప్ దిగుతుంది. తెరిస్తే ఒక నంబరు కనిపిస్తుంది, అది నాకు చదివి చెప్పండి.’ ఆ నంబరు ఎక్కడుందో కనిపించక మాస్టారు నన్ను అడగడానికి వచ్చారు. ఫోను తీసుకొని చూస్తే అది అవతలివాడికి మన తెర చూపించే రిమోట్ యాప్. వెంటనే కాల్ కట్ చేశాను.

‘బాబూ, మన అడ్రసు కూడా వాడి దగ్గర ఉంది, కంపెనీవాడే’ అన్నారు ఆయన కొంచెం కోపంగా.

‘మాస్టారూ, అడ్రసు అతను చెప్పాడా, మీరు చెప్పారా?’

కాసేపు ఆలోచించి, ‘నేనే చెప్పాను’ అన్నారు.

ఆ పది రూపాయలు వాళ్లకు అవసరం లేదు. తెర వాళ్లకు కనిపిస్తుండగా మీ చేత కార్డు నంబరు, పిన్ను కొట్టించడమే వాళ్ల పని. తర్వాత బ్యాంకు పంపే ఓటీపీ మీరు చెప్పనక్కరలేదు, వాళ్లే మీ తెర మీద చదువుకుంటారు. ఇది కొత్త విషయం కాదు. 2019 ఫిబ్రవరిలోనే ఎనీడెస్క్ యాప్‌ను అడ్డం పెట్టుకొని జరిగే మోసాల గురించి రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. ఆ యాప్‌లో తప్పు లేదు, ఆఫీసుల్లో రోజూ వాడతారు. ముక్కూముఖం తెలియని మనిషికి మన తెర అప్పగించడమే తప్పు.

కాబట్టి గోడ మీద రాసి పెట్టిన నంబరుకు తప్ప వేరే దేనికీ చేయవద్దు. ఫిర్యాదు నమోదుకు రుసుము ఉండదు. నెట్ లైన్ సరిచేయడానికి మీ ఫోనులో యాప్ వేయాల్సిన అవసరం లేదు. డబ్బు మీకు వెనక్కి వస్తుందని చెప్పి యూపీఐ పిన్ను కొట్టమంటే అది పక్కా మోసం. పిన్ను డబ్బు పంపడానికే, అందుకోవడానికి కాదు. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, వస్తే తెరవవద్దు. అలాంటివి మీ ఎస్‌ఎంఎస్‌లను దొంగచాటుగా వేరేచోటికి పంపగలవు. కంప్యూటర్ తెర నిండా ‘వైరస్ సోకింది, ఈ నంబరుకు చేయండి’ అని సైరన్‌తో వచ్చినా భయపడకండి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోను నంబరు ఎప్పుడూ ఇవ్వదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో బ్రౌజర్‌ను ఎంచుకొని మూసేయండి.

అప్పటికే యాప్ వేసి, పిన్ను కొట్టేసి ఉంటే సిగ్గుపడి దాచవద్దు. ముందు ఆ ఫోనులో మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపండి. ఇంకొక ఫోను నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేసి, వెంటనే బ్యాంకుకూ చెప్పండి. యూపీఐ లావాదేవీ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, మొత్తం, సమయం చేతిలో పెట్టుకోండి. నిమిషాలు ఎందుకు ముఖ్యమంటే, రిజర్వు బ్యాంకు 2017 జులై ఆదేశాల ప్రకారం మన పొరపాటు వల్ల వివరాలు బయటపడితే బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనది. చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. ఆ తర్వాత యాప్ తీసేసి, పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చండి. డయల్ ప్యాడ్‌లో ##002# కొడితే మీకు తెలియకుండా పెట్టిన కాల్ ఫార్వార్డింగ్ ఉంటే రద్దవుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బెంగళూరులో సైబర్ నేరాలకు పోలీస్ స్టేషన్లు వేరుగా ఉన్నాయి, వైట్‌ఫీల్డ్‌లోనూ ఒకటి ఉంది. డబ్బు పోకపోయినా, మోసపు ఫోను లేదా సందేశం వస్తే కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో తెలియజేయవచ్చు.

అసలు కంపెనీకి ఫోను చేసినప్పుడు ‘నెట్ రావడం లేదు’ అని ఊరుకోకండి. ‘ఎల్‌ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది, రీస్టార్ట్ చేశాను, పక్కింట్లో వస్తోంది’ అని ఒక్క ఊపిరిలో చెప్పండి. స్విచ్ ఆపి వేయమనే తతంగం తప్పుతుంది. ఫిర్యాదు సంఖ్య తీసుకోకుండా ఫోను పెట్టవద్దు. తెలుగు ఎంపిక లేకపోతే, వచ్చే లైన్‌మన్‌కు కన్నడంలో ‘ఇంటర్నెట్ బర్తా ఇల్ల, కెంపు లైట్ ఉరీతా ఇదె’ అంటే చాలు. ఎండలో నిచ్చెన మోసుకు తిరిగే మనిషి ఆయన. ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చి మాట్లాడండి. కంపెనీ మీద కోపం ఆయన మీద చూపించడం అన్యాయం.

ఆయన దగ్గర పవర్ మీటర్ ఉంటే సంకేతం ఎంతుందో అడగండి. -15 నుంచి -25 డీబీఎం (సంకేతం బలానికి కొలత) మధ్య ఉంటే మంచిది. -27 దగ్గరికి దిగిందంటే ఇవాళ వచ్చినా రేపు వాన పడితే మళ్లీ పోతుంది, జాయింటు మళ్లీ వేయమనండి. కొన్ని కంపెనీల్లో పని ముగిశాక ఓటీపీ అడుగుతారు. ఇది మోసం కాకపోవచ్చు, కాని ఇచ్చేముందు సందేశం పూర్తిగా చదవండి. ఫిర్యాదు ముగింపుకు అని ఉండి, మనిషి మీ ఎదుటే ఉండి, నెట్ నిజంగా వచ్చాకే చెప్పండి. రాకుండానే చెబితే ఫిర్యాదు మూసుకుపోతుంది, మళ్లీ మొదటికి వస్తారు.

మూసేసినా సమస్య తీరకపోతే దారి ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం నెట్ కంపెనీలకు అప్పీలు విభాగం ఉండాలి. ఫిర్యాదు సంఖ్యతో 30 రోజుల్లోగా అప్పీలు చేయవచ్చు, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. ఇవి రాతలో జరిగే పనులు కాబట్టి, ఎప్పుడు చేశారు, ఎవరు ఏమన్నారు అన్నది తేదీతో రాసుకోండి.

వేగం తక్కువ అనే ఫిర్యాదు గురించి కొంచెం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. డౌన్‌లోడ్ అయ్యే ఫైలు మెగాబైట్లలో కనిపిస్తుంది, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి 12 దగ్గర చూపిస్తే మీకు పూర్తి వేగం వస్తున్నట్టే. పడకగదిలో తక్కువ వస్తే 5 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటలేకపోతోందేమో చూడండి. రౌటర్‌ను హాలు మధ్యకు తెచ్చి, వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి పరీక్షించండి. 200 ప్లాన్ కట్టి, వైరులో ఎప్పుడూ 94 దగ్గరే ఆగుతుంటే తప్పు లైనులో కాదు. మీ వైరు గాని, రౌటర్ గాని, ల్యాప్‌టాప్ పోర్టు గాని 100 మాత్రమే మోయగలిగేది అయి ఉంటుంది. ముందు వైరు మార్చి చూడండి, అన్నింటిలో చౌక అదే.