అంతరిక్షంలో ప్రతికణాల కొలత, 5వ పాఠం: రుణ గుర్తుతో వచ్చే ప్రోటాన్లు

వంగిన దారి (ట్రాక్) కొలతలను బట్టి కణం ఏదో తేల్చమని గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక, ఈసారి మొదలుపెట్టవలసిన పాజిట్రాన్ల విషయాన్ని వాయిదా వేశాను. ఎక్కువమంది లెక్కలో రుణ గుర్తు రాగానే ఆ కణం యాంటీప్రోటాన్ (ప్రోటాన్‌కు రుణావేశం గల ప్రతికణం) అని తేల్చి ముగించారు. రిజిడిటీ (అయస్కాంత క్షేత్రంలో కణం వంగకుండా ఎంత నిలుస్తుందో ఆవేశపు గుర్తుతో చెప్పే కొలత) మైనస్ 2,000 గిగావోల్టులు వచ్చిన ట్రాక్ విషయంలోనూ అంతే నిశ్చయంగా రాశారు. సూత్రాన్ని ఎవరూ తప్పుగా వాడలేదు. అది ఇచ్చిన గుర్తును ఎంతవరకు నమ్మాలో ఆలోచించకపోవడం వల్లనే చిక్కు వచ్చింది.

రిజిడిటీ పూర్తి నిర్వచనం, ఆవేశం గల కణం అయస్కాంత క్షేత్రంలో వంగే తీరు మీకు తెలిసినవే కనుక వదిలేస్తున్నాను. ప్రయాణ దిశ గురించి కూడా రెండు వాక్యాలు చాలు. కింది నుంచి పైకి పోయే ప్రోటాన్, పై నుంచి కిందికి వచ్చే యాంటీప్రోటాన్ ఒకే ఆకారపు ట్రాక్‌ను వదులుతాయి కాబట్టి గుర్తు కంటే ముందు, కణం దాటిన క్షణాన్ని నమోదు చేసే కాలమాపక పలకలను చూడాలి. 2011 మే నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపై ఉండి, అంతరిక్షం నుంచి వచ్చే కణాలను (కాస్మిక్ కిరణాలను) కొలిచే ఏఎంఎస్-02 పరికరంలో ఈ పలకల మధ్య దూరం సుమారు 1.2 మీటర్లు, కాంతివేగంతో పోయే కణానికి అది 4 నానోసెకన్ల ప్రయాణం, కొలతలోని దోషం 0.16 నానోసెకన్ల ప్రాంతంలోనే ఉంటుంది కనుక పైకో కిందికో తెలియకపోయే ప్రశ్న లేదు.

అసలు చిక్కు వంపు చాలా స్వల్పమైనప్పుడు వస్తుంది. గత పాఠంలోని నమూనా పరికరాన్నే తీసుకుందాం: క్షేత్రం 0.15 టెస్లా, ట్రాక్ పొడవు 1 మీటరు. జ్యా నుంచి చాపం మధ్యబిందువు ఎంత తొలగిందో చెప్పే సాజిటా, మైక్రోమీటర్లలో, 5,625ను గిగావోల్టులలోని రిజిడిటీతో భాగిస్తే వస్తుంది. 100 గిగావోల్టుల ప్రోటాన్‌కు అది 56; 300కు దాదాపు 19; 1,000కి 5.6 మాత్రమే. సాజిటా కొలతలో దోషం 10 మైక్రోమీటర్లు అనుకుంటే, 1,000 గిగావోల్టుల ప్రోటాన్లలో నూటికి సుమారు 29 వ్యతిరేక దిశలో వంగినట్లు నమోదవుతాయి. 300 దగ్గర నూటికి 3. ఈ 3 చిన్న సంఖ్యలా అనిపిస్తే, కాస్మిక్ కిరణాలలో ఈ రిజిడిటీల దగ్గర యాంటీప్రోటాన్లు పదివేల ప్రోటాన్లకు సుమారు రెండు మాత్రమే ఉంటాయని గుర్తు చేసుకోండి. ఆ రెండింటి కోసం వెతికే చోట గుర్తు మారిన ప్రోటాన్లు మూడు వందలు వచ్చి కూర్చుంటాయి.

అవి ఎక్కడ కూర్చుంటాయన్న దగ్గరే నాకు విసుగు తెప్పించే పొరపాటు జరుగుతుంది. చాలామంది దోషాన్ని రిజిడిటీకి అటూ ఇటూ సమానంగా పరుస్తారు: "300 ప్లస్ లేదా మైనస్ 160" అన్నట్లుగా. పరికరం కొలిచేది సాజిటాను; సాజిటా రిజిడిటీ విలోమానికి (ఒకటిని రిజిడిటీతో భాగిస్తే వచ్చేదానికి) అనుపాతంలో ఉంటుంది; కాబట్టి దోషం సౌష్ఠవంగా ఉండేది విలోమంలోనే. ఒకే ట్రాక్‌ను రెండుసార్లు కొలిస్తే సాజిటా ఒకసారి ప్లస్ 5, మరోసారి మైనస్ 5 మైక్రోమీటర్లు వచ్చిందనుకోండి. రిజిడిటీలు ప్లస్ 1,125, మైనస్ 1,125. వాటి సగటు సున్నా. సున్నా రిజిడిటీ అంటే విపరీతంగా వంగిపోవలసిన కణం. అదే సాజిటాల సగటు సున్నా అంటే వంపే లేని, మన కొలతకు అందనంత శక్తిగల కణం. ఒకే దత్తాంశం, పూర్తిగా ఎదురెదురు జవాబులు. ధన అనంతం నుంచి రుణ అనంతానికి దాటడం రిజిడిటీ అక్షంపై మహా దూరంగా కనిపిస్తుంది గాని, విలోమ అక్షంపై అది సున్నాను దాటే ఒక చిన్న అడుగు. అందుకే నేను ఏ పటమైనా విలోమ అక్షంపైనే గీస్తాను, రిజిడిటీ అక్షంపై గీసిన పటాన్ని చివరి ప్రచురణకు తప్ప పనికి వాడను.

ఈ దృష్టితో చూస్తే, గుర్తు మారిన 300 గిగావోల్టుల ప్రోటాన్ మైనస్ 300 దగ్గర కనిపించడం అరుదు. అలా కనిపించాలంటే సాజిటా 37.5 మైక్రోమీటర్లు తప్పాలి. సున్నాను కొద్దిగా దాటినవే ఎక్కువ కనుక, అవి చాలావరకు మైనస్ 560 దాటిన ప్రాంతంలో పోగుపడతాయి. మీ మైనస్ 2,000 ట్రాక్ ఆ పోగులోనిదే.

నిజ పరికరం మన నమూనా కంటే చాలా మెరుగైనది. ఏఎంఎస్-02లో తొమ్మిది సిలికాన్ పొరలలో మొదటిదాన్ని, చివరిదాన్ని అయస్కాంతానికి బాగా దూరంగా పెట్టి ట్రాక్ పొడవును సుమారు 3 మీటర్లకు పెంచారు. దానితో ప్రోటాన్ల విషయంలో దోషం నూటికి నూరుకు చేరే రిజిడిటీ సుమారు 2,000 గిగావోల్టులకు జరిగింది. అయినా 2016లో ప్రచురించిన యాంటీప్రోటాన్ ఫలితం 450 దగ్గరే ఆగింది. పొరలలోని పదార్థాన్ని తాకి కణం దారి మళ్లిన సందర్భాలు సాధారణ విభాజనానికి (దోషాలను వర్ణించే గంట ఆకారపు వక్రానికి) లొంగవు. వాటిని పట్టుకోవడానికి ట్రాక్‌ను వేర్వేరు పొరలతో మళ్లీ గీసి జవాబులు కలుస్తున్నాయో లేదో చూస్తారు. పై సగం ధన గుర్తు, కింది సగం రుణ గుర్తు చెబితే నేనైతే ఆ ట్రాక్‌ను రెండో ఆలోచన లేకుండా తీసేస్తాను.

అభ్యాసం ఈసారి కొంచెం బరువైనది. 50 నుంచి 2,000 గిగావోల్టుల వరకు, రిజిడిటీ మైనస్ 2.7వ ఘాతంగా తగ్గే కోటి ప్రోటాన్లను కంప్యూటర్‌లో సృష్టించండి. ప్రతి 5,000 ప్రోటాన్లకు ఒక యాంటీప్రోటాన్‌ను చేర్చండి. ప్రతి సాజిటాకు 10 మైక్రోమీటర్ల దోషం కలిపి, కొలిచిన రుణ రిజిడిటీ ఎంత దాటితే నిజమైనవాటికన్నా నకిలీలు ఎక్కువవుతాయో కనుక్కోండి. తరువాత నూటికి ఒక ట్రాక్‌కు మాత్రం దోషాన్ని 30 మైక్రోమీటర్లు చేసి మళ్లీ లెక్కించండి. రెండో జవాబు మొదటిదానికన్నా పెద్దదిగా వస్తే ప్రోగ్రాంలో ఎక్కడో విలోమం బదులు రిజిడిటీకే దోషం కలిపారేమో చూసుకుని, తరువాతే పంపండి.