వీఎఫ్‌డీతో విద్యుత్ పొదుపు – 4వ పాఠం: పంపు ఎత్తును బట్టి లెక్క కట్టడం

వీఎఫ్‌డీలోకి (మోటారు వేగాన్ని మార్చే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్, క్లుప్తంగా డ్రైవ్) వచ్చే ఏసీని రెక్టిఫైయర్ డీసీగా మార్చడం, ఆ డీసీని ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు మనకు కావలసిన ఫ్రీక్వెన్సీ గల ఏసీగా మలచడం, ఫ్రీక్వెన్సీతో పాటు వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గించి మోటారులోని అయస్కాంత ఫ్లక్స్‌ను నిలకడగా ఉంచడం, ఇవన్నీ గత మూడు పాఠాలలో చూశాము. మూడవ పాఠం చివర అఫినిటీ నియమాలు కూడా నేర్చుకున్నాము: పంపు ప్రవాహం వేగాన్ని బట్టి, హెడ్ (పంపు నీటిని ఎక్కించగల ఎత్తు, మీటర్లలో) వేగం వర్గాన్ని బట్టి, పవర్ వేగం ఘనాన్ని బట్టి మారుతాయి. కనుక వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే పవర్ 51.2 శాతానికి పడిపోవాలి. డ్రైవ్ అమ్మేవారు ముందుగా చూపించే సంఖ్య ఇదే. ఈ సంఖ్యను నమ్మి డ్రైవ్ కొన్న చాలాచోట్ల పొదుపు అందులో సగం కూడా కనిపించదు. తప్పు నియమంలో లేదు. పంపు నీటిని ఎంత ఎత్తుకు ఎక్కించాలి అన్న విషయాన్ని లెక్కలో చేర్చకపోవడం వల్లనే ఈ తేడా వస్తుంది.

పంపు ఎదుర్కొనే హెడ్‌లో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది స్టాటిక్ హెడ్, అంటే కింది నీటిమట్టం నుంచి పై ట్యాంకు మట్టం వరకు ఉన్న ఎత్తు. ప్రవాహం ఎంత తగ్గినా ఇది ఒక్క మీటరు కూడా తగ్గదు. రెండవది ఘర్షణ హెడ్. పైపులలో, వంపులలో, వాల్వులలో నీరు పోగొట్టుకునే ఒత్తిడి ఇది. ప్రవాహం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక ప్రవాహం 80 శాతమైతే ఇది 64 శాతానికి దిగుతుంది. ఘనసూత్రం పూర్తిగా వర్తించేది ఈ రెండవ భాగానికి మాత్రమే.

ఒక ఉదాహరణ తీసుకుందాము. పాఠం చివరి వరకు ఇవే సంఖ్యలతో పనిచేస్తాము కనుక వీటిని కాగితం మీద రాసుకోండి. 50 హెర్ట్జ్ వద్ద పంపు గంటకు 100 ఘనపు మీటర్ల నీటిని 30 మీటర్ల మొత్తం హెడ్‌కు ఇస్తున్నది. అందులో 20 మీటర్లు స్టాటిక్, 10 మీటర్లు ఘర్షణ. డెలివరీ వాల్వు పూర్తిగా మూసినప్పుడు ఈ పంపు చూపే షట్ఆఫ్ హెడ్ 36 మీటర్లు. అంటే ప్రవాహం సున్నా నుంచి 100కు చేరేసరికి పంపు ఇచ్చే హెడ్ 6 మీటర్లు తగ్గుతున్నది. ఈ తగ్గుదల కూడా ప్రవాహం వర్గాన్ని అనుసరిస్తుందని తీసుకుందాము.

ఇప్పుడు మనకు గంటకు 80 ఘనపు మీటర్లు చాలు. పైపుల వ్యవస్థకు కావలసిన హెడ్ 20కి 10లో 64 శాతం కలిపితే 26.4 మీటర్లు. ఈ హెడ్‌ను పంపు ఏ వేగంలో ఇస్తుందో చూడాలి. తగ్గిన వేగంలో షట్ఆఫ్ హెడ్ 36ను వేగ నిష్పత్తి వర్గంతో గుణించినంత ఉంటుంది. దాని నుంచి 80 ప్రవాహానికి తగ్గే 3.84 మీటర్లు (6లో 64 శాతం) తీసివేస్తే 26.4 రావాలి. కనుక వేగ నిష్పత్తి వర్గం, 26.4కు 3.84 కలిపితే వచ్చే 30.24ను 36తో భాగించగా వచ్చే 0.84, వేగ నిష్పత్తి దాదాపు 0.917. డ్రైవ్ మీద ఇది 45.8 హెర్ట్జ్. ప్రవాహం 20 శాతం తగ్గాలంటే వేగం 8 శాతమే తగ్గించగలుగుతున్నాము. 40 హెర్ట్జ్ పెట్టి 80 శాతం నీరు ఆశిస్తే ఈ పంపు అందులో సగం కంటే కొంచెమే ఎక్కువ ఇవ్వగలదు.

ఇక పవర్. గంటకు ఘనపు మీటర్లలో ప్రవాహాన్ని మీటర్లలో హెడ్‌తో గుణించి 367తో భాగిస్తే నీటికి అందే పవర్ కిలోవాట్లలో వస్తుంది. దానిని పంపు, మోటారు, డ్రైవ్ దక్షతలతో భాగిస్తే మీటరు చూపే పవర్ వస్తుంది. పూర్తి వేగంలో పంపు దక్షత 70 శాతం, మోటారు దక్షత 90 శాతం అనుకుంటే, డ్రైవ్ లేకుండా 100 ప్రవాహానికి దాదాపు 13 కిలోవాట్లు కావాలి. ప్రవాహాన్ని 80కి తగ్గించడానికి వాల్వు బిగిస్తే పంపు తన వక్రరేఖ మీద వెనక్కి జరిగి 32.16 మీటర్ల హెడ్‌ను ఇస్తుంది. దక్షత 68 శాతానికి తగ్గిందనుకుంటే తీసుకునే పవర్ 11.5 కిలోవాట్లు. వాల్వు తెరిచే ఉంచి డ్రైవ్‌తో 45.8 హెర్ట్జ్‌కు దింపితే, పంపు దక్షత 69, డ్రైవ్ దక్షత 96 శాతంగా తీసుకున్నప్పుడు 9.65 కిలోవాట్లు. వాల్వుతో పోలిస్తే పొదుపు 16 శాతం. ఇది చిన్నదేమీ కాదు, కానీ ఘనసూత్రం ఆశ చూపిన 49 శాతం ఎక్కడ, ఇది ఎక్కడ!

అదే పంపు స్టాటిక్ హెడ్ అసలే లేని మూసిన వలయంలో, ఉదాహరణకు చల్లని నీటిని భవనమంతా తిప్పే వ్యవస్థలో ఉంటే, 30 మీటర్లూ ఘర్షణే. అప్పుడు 80 ప్రవాహానికి 19.2 మీటర్లు చాలు, వేగం సరిగ్గా 80 శాతం, పవర్ 7 కిలోవాట్ల లోపే. వాల్వుతో పోలిస్తే 40 శాతం ఆదా. ఫ్యాన్లలో, మూసిన వలయాలలో డ్రైవ్‌లు అంత త్వరగా తమ ఖరీదును తిరిగి ఇవ్వడానికి కారణం ఇదే.

ఎత్తుకు నీరెక్కించే పంపు విషయంలో మరొక జాగ్రత్త ఉంది. వేగం తగ్గుతున్నకొద్దీ షట్ఆఫ్ హెడ్ కూడా దిగుతూ, ఒకచోట 20 మీటర్ల స్టాటిక్ హెడ్‌కు సమానమవుతుంది. మన ఉదాహరణలో అది 20ని 36తో భాగించి వర్గమూలం తీస్తే వచ్చే 0.745 వద్ద, అంటే 37.3 హెర్ట్జ్ వద్ద. అంతకంటే కిందికి వెళితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నాన్‌రిటర్న్ వాల్వు (నీటిని వెనక్కి రానివ్వని వాల్వు) మూసుకుని ఉంటుంది, పైకి చుక్క నీరు వెళ్ళదు. పంపులో చిక్కుకున్న నీరు అలా తిరుగుతూ వేడెక్కుతుంది, సీలు పాడవుతుంది. డ్రైవ్‌లో కనీస ఫ్రీక్వెన్సీ అనే పారామీటరును ఈ లెక్క చేసి, దానికి కొంత పైన పెట్టుకోవాలి. ప్యాకింగులోంచి తీసిన డ్రైవ్‌లో ఉన్న విలువను అలాగే వదిలేయడం చాలా తరచుగా కనిపించే పొరపాటు.

పంపు పని ట్యాంకు నింపడమే అయితే కిలోవాట్లను పోల్చడం కూడా సరిపోదు. వేగం తగ్గించినప్పుడు పంపు ఎక్కువ గంటలు నడవాలి. కనుక ఒక్కో ఘనపు మీటరుకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో చూడాలి. పూర్తి వేగంలో 13ను 100తో భాగిస్తే 0.130 యూనిట్లు, 45.8 హెర్ట్జ్‌లో 9.65ను 80తో భాగిస్తే 0.121. నిజమైన ఆదా 7 శాతం మాత్రమే. నా దృష్టిలో ట్యాంకు నింపే పంపుకు ఈ ఒక్క సంఖ్య చూడకుండా డ్రైవ్ మీద ఎవరూ డబ్బు పెట్టకూడదు. పంపు అవసరానికి మించి పెద్దదై, ప్రవాహం ఎప్పుడూ మారనిదైతే ఇంపెల్లర్‌ను (పంపులో నీటిని తోసే చక్రాన్ని) తగినంత చెక్కించడం చౌక, పైగా డ్రైవ్‌లో పోయే 3, 4 శాతం కూడా మిగులుతుంది.

కొలిచేటప్పుడు ఆంపియర్లను నమ్మవద్దు. మోటారును అయస్కాంతీకరించే కరెంటును డ్రైవ్‌లోని డీసీ కెపాసిటర్లే సమకూరుస్తాయి, అది సరఫరా లైనులో కనిపించదు. అందువల్ల పవర్ ఏమాత్రం తగ్గకపోయినా ఇన్‌పుట్ కరెంటు తగ్గినట్టు క్లాంప్ మీటరు చూపవచ్చు. డ్రైవ్‌కు ముందు వైపున, హార్మోనిక్స్ (డ్రైవ్ వల్ల కరెంటు తరంగ రూపంలో వచ్చే వికృతి) ఉన్నా సరిగా చదవగల కిలోవాట్ మీటరు పెట్టి, దానితో పాటే నీటి మీటరు రీడింగు కూడా తీసుకోండి.

అభ్యాసం: పై పంపుకే స్టాటిక్ హెడ్ 5 మీటర్లు, ఘర్షణ 25 మీటర్లు అనుకుని, 80 ప్రవాహానికి కావలసిన హెడ్, ఫ్రీక్వెన్సీ, నీరు పైకి వెళ్ళడం ఆగిపోయే ఫ్రీక్వెన్సీ కనుక్కోండి. 21 మీటర్లు, సుమారు 41.5 హెర్ట్జ్, 18.6 హెర్ట్జ్ వస్తే లెక్క సరైనదే. తరువాత మీరు రోజూ చూసే ఒక పంపుకు స్టాటిక్ హెడ్‌ను టేపుతో కొలిచి, షట్ఆఫ్ హెడ్‌ను తయారీదారు ఇచ్చిన వక్రరేఖ నుంచి తీసుకుని, ఇదే లెక్క చేయండి. రోజులో ఏ ప్రవాహం ఎన్ని గంటలు కావాలో ఒక పట్టిక రాసి ఉంచుకోండి. 5వ పాఠంలో ఆ పట్టికతోనే ఏడాది పొదుపును లెక్కకడతాము.