‘ద క్రో’ పాత ఇష్యూలు కొనడం ఎలా? మోసపోకుండా, పాడవకుండా

‘ద క్రో’ కామిక్‌లోని ఎరిక్ అనగానే చాలామందికి 1994 సినిమానే గుర్తొస్తుంది, షూటింగ్‌లో తుపాకీ ప్రమాదం జరిగి ఎరిక్‌గా వేసిన బ్రాండన్ లీ చనిపోయిన సినిమా. కానీ ఎరిక్ అంతకుముందే నలుపు తెలుపు కామిక్స్‌లో పుట్టాడు, అమెరికాలోని మిషిగన్‌లో కాలిబర్ ప్రెస్ అనే చిన్న పబ్లిషర్ 1989లో వేసినవి. ఆ పాత ఇష్యూలు కొందామనుకునేవాళ్లకి నాకు తెలిసింది చెప్తాను.

1. ముందు కథ చదవండి

డబ్బు పెట్టేముందు కథ మొత్తం ఒకసారి చదవాలి, 2011లో కొత్త పేజీలు కలిపి స్పెషల్ ఎడిషన్ వచ్చింది, అది చాలు. దీన్ని రాసి గీసిన జేమ్స్ ఓబార్‌కి కాబోయే భార్య తాగి బండి నడిపినవాడి వల్ల చనిపోయింది, ఆ బాధతో ఆయన మెరైన్స్‌లో చేరాడు, 1981లో బెర్లిన్‌లో ఉండగా ఈ బొమ్మలు మొదలుపెట్టాడు. కథలో ఎరిక్, అతను పెళ్లాడబోయే షెల్లీ ఒక ముఠా చేతిలో చచ్చిపోతారు, పగ తీర్చుకోడానికి అతను తిరిగొస్తాడు. ఎరిక్‌ని హీరో అనలేం, జాలి లేకుండా చంపుతాడు, కానీ షెల్లీ గుర్తొస్తే ఒక్కడే కూలబడిపోతాడు, ఎంతమందిని చంపినా ఆమె తిరిగి రాదని అతనికీ తెలుసు. కలెక్టర్లు ఇన్నేళ్లయినా ఈ పుస్తకాన్ని వదలకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

2. ఏం కొనాలో తేల్చుకోండి

ఎరిక్ మొదటి కథ వచ్చింది ‘కాలిబర్ ప్రెజెంట్స్’ 1వ ఇష్యూలో, 1989 జనవరి. అంతకంటే ముందు ‘డెడ్‌వరల్డ్’ అనే ఇంకో కామిక్ 10వ ఇష్యూ వెనక కవర్ మీద ప్రకటనలో ఎరిక్ బొమ్మ ఉంది, అతను మొదట కనిపించింది అందులోనే అని కొందరంటారు, నాకైతే ప్రకటనకి అంత రేటు పెట్టడం అనవసరం అనిపిస్తుంది. తర్వాత ‘ద క్రో’ పేరుతో నాలుగు ఇష్యూలు వచ్చి ఆగిపోయాయి. కాలిబర్ నుంచి ఐదోది రాలేదు, 1992లో టండ్రా అనే ఇంకో పబ్లిషర్ వాళ్లు మూడు పుస్తకాలుగా వేస్తేనే ముగింపు దొరికింది, కాబట్టి నాలుగు పెట్టి ‘కంప్లీట్ సెట్’ అని అమ్మితే అందులో కథ పూర్తవదని గుర్తుపెట్టుకోండి.

3. ఏ ప్రింటో చూడండి

అసలు జాగ్రత్త ఇక్కడే. ‘ద క్రో’ 1వ ఇష్యూకి రెండో ప్రింట్, మూడో ప్రింట్ కూడా ఉన్నాయి. నేను మొదటిసారి కవర్ ఫోటో ఒక్కటే చూసి ఫస్ట్ ప్రింట్ రేటు కట్టాను, పార్సిల్ వచ్చాక లోపల పబ్లిషర్ వివరాల దగ్గర చిన్న అక్షరాల్లో చూస్తే అది రీప్రింట్, ఆ రోజంతా మనసు మనసులో లేదు. అందుకే ఆ వివరాలుండే పేజీ ఫోటో అడగండి, సెల్లర్ పంపకపోతే వదిలేయండి, ఇంకో కాపీ దొరుకుతుంది.

4. కండిషన్

వెన్ను దగ్గర తీసిన ఫోటో పెద్దది చేసి చూడండి. నల్ల కవర్ అయితే మడత పడిన ప్రతిచోటా తెల్లటి సన్న గీత కనిపిస్తుంది, రంగు లేచిపోయిందన్నమాట. పిన్నులకి తుప్పు పట్టిందా, తుప్పు మరక కాగితంలోకి దిగిందా, నడిమధ్య పేజీలు పిన్నుల నుంచి ఊడాయా, ఇవన్నీ అడగండి. ఇండియాకి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి మొత్తం ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి, ఒక్కోసారి పుస్తకం కంటే అవే ఎక్కువవుతాయి.

5. దాచడం

యాసిడ్ లేని అట్ట వెనక పెట్టి మైలార్ (పారదర్శకమైన పాలియెస్టర్) కవర్లో నిలువుగా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. మామూలు ప్లాస్టిక్ కవర్లు వద్దు. వైజాగ్‌లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి, పిన్నులు తొందరగా తుప్పు పడతాయి, డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి నాలుగైదు నెలలకి మారుస్తూ ఉండండి. బయట గోడకి ఆనించిన బీరువాలో అడుగు అరలో అసలు పెట్టొద్దు, వానాకాలం చెమ్మ ముందు అక్కడికే వస్తుంది.

గ్రేడింగ్‌కి, అంటే కండిషన్ చూసి మార్కులు వేసే కంపెనీకి పంపి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేయించుకోవడం అమ్మాలనుకునేవాళ్లకి మంచిదే. నేను మాత్రం చేయించను, సీల్ చేస్తే మళ్లీ పేజీ తిప్పలేం కదా, నాకు అప్పుడప్పుడు షెల్లీ ఉన్న పేజీలు తీసి చూసుకోవాలి.