ముసురు పట్టకముందే: ఇంట్లో ఫించ్ పిట్టలున్నవారికి కొన్ని జాగ్రత్తలు

మొన్న ఆషాఢంలో రెండు రోజులు ఎడతెగని ముసురు పట్టినప్పుడు, మా వీధి చివరి ఇంట్లో ఒక్క రాత్రిలో ఏడు జీబ్రా ఫించ్‌లు చనిపోయాయి. జల్లు కొడుతోందని సాయంత్రమే పంజరాన్ని వసారాలో నుంచి లోపలి గదిలోకి చేర్చారు, చలిగాలి సోకకుండా చుట్టూ బరకం కప్పారు, కిటికీ తలుపులు బిగించారు, ఎప్పటిలాగే మంచం పక్కన దోమల కాయిల్ వెలిగించుకుని పడుకున్నారు. తెల్లవారాక పిలిస్తే వెళ్లి చూశాను. రేకు మూత మీద కాయిల్ ఎక్కడా విరగకుండా, చుట్టలు చుట్టలుగానే బూడిదై ఉంది. పంజరం అడుగు పళ్లెంలో పిట్టలన్నీ ఒకే మూలకు, బరకం కొంచెం ఎత్తుగా ఉన్న వైపుకు చేరి పడి ఉన్నాయి. గిన్నెలో కొర్రలు నిండుగానే ఉన్నాయి. "చలికి పోయాయండి" అన్నారు ఆ ఇంటాయన. ఆయన ఇప్పటికీ అదే నమ్ముతున్నారు.

నేను నమ్మను. ఒక పంజరంలో ఏడు పిట్టలు ఒక్క రాత్రిలో చలికి పోయేంత చలి గోదావరి జిల్లాల్లో ఆషాఢంలో ఉండదు. ఇంకా శ్రావణ భాద్రపదాల వానలు, ఆ తర్వాత కార్తీకం దాటేదాకా వాయుగుండాలు మిగిలే ఉన్నాయి కాబట్టి, నీళ్లు మార్చడం, పళ్లెం కడగడం వంటి అందరికీ తెలిసిన సంగతులు వదిలిపెట్టి, ముందుగా ఈ ఒక్క మాట రాస్తున్నాను: పంజరం ఉన్న మూసిన గదిలో ఏ రకమైన పొగా పెట్టకూడదు.

ఫించ్ పిట్ట బరువు 12 నుంచి 15 గ్రాములు. దాని ఊపిరితిత్తులకు గాలి సంచులు తోడుగా ఉంటాయి. ఆ ఏర్పాటు వల్ల గాలి లోపలికి పీల్చేటప్పుడే కాక వదిలేటప్పుడు కూడా కొత్త గాలి ఊపిరితిత్తుల గుండా సాగిపోతూనే ఉంటుంది. ఎగరడానికి కావలసిన ప్రాణవాయువును అందించే ఆ నేర్పే, గదిలో విషం ఉన్నప్పుడు దాన్నీ మనకంటే ఎంతో ముందుగా పిట్ట రక్తంలోకి చేరుస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు జాడ తెలుసుకోవడానికి 1986 దాకా కానరీ పిట్టలను తీసుకువెళ్లింది ఇందుకే. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని పరిశోధకులు కొలిచి చెప్పారు. మనం దగ్గుతూ అయినా తెల్లవారేదాకా నెట్టుకొస్తాం. బరకం కింద ఉన్న పిట్టకు ఆ అవకాశం లేదు.

పొగ అంటే కాయిల్ ఒక్కటే అనుకోవద్దు. పశువుల పాకలో దోమలకు వేసే కొబ్బరి పీచు పొగ గాలివాటుకు ఇంట్లోకి వస్తుంది. శుక్రవారం సాంబ్రాణి, కరెంటు పోయినప్పటి కిరోసిన్ దీపం, వరండాలో పెట్టిన జనరేటరు, దోమలకు కొట్టే స్ప్రే, ఇవన్నీ ఒక్క కోవలోవే. పొయ్యి మీద ఖాళీగా వదిలేసి మాడ్చిన నాన్‌స్టిక్ పెనం సంగతి చాలామందికి తెలియదు: దాని పూత అతిగా వేడెక్కితే వెలువడే ఆవిరికి రంగు ఉండదు, పక్క గదిలో ఉన్న పిట్టనైనా నిమిషాల్లో చంపగలదు.

మరి దోమలకు ఏం చేయాలంటే, పంజరానికే దోమతెర కట్టండి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. పిట్టల కళ్ల చుట్టూ, కాళ్ల మీద పొక్కులు లేపే పాక్స్ జబ్బును మోసుకొచ్చేది ప్రధానంగా దోమలే. బరకం కప్పవలసి వస్తే జల్లు వచ్చే వైపు ఒక్కటే కప్పి, మిగిలిన మూడు వైపులూ వదిలేయండి. మళ్లీ చెబుతున్నాను, పిట్టను చంపేది చలికంటే ముందు మూత, ఆ మూతలో చేరిన పొగ.

ఇక మేత. జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియా ఎండు మైదానాల పిట్ట. మన తేమ దానికి పుట్టుకతో అలవాటైనది కాదు, దాని గింజలకు అసలే కాదు. కొర్రలు, సామలు ఈ రోజుల్లో పది రోజులకు సరిపడానే కొనండి. గుప్పిట్లో పట్టి వదిలితే గింజలు విడివిడిగా జారాలి. చేతికి అంటుకున్నా, ముక్కిన వాసన వచ్చినా పారేయండి, కడిగి ఎండబెట్టి వాడుకుందామని చూడకండి, ఎందుకంటే బూజు వదిలిన విషం ఎండకు పోదు. వాన తెరిపి ఇచ్చినప్పుడు మంచి గింజలను ఎండబోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి; వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమర్చి మొదటికే మోసం వస్తుంది. నానబెట్టిన గింజలు, ఉడికించిన గుడ్డు పెడితే రెండు గంటల్లో తీసేయాలి.

గిన్నె నిండుగా కనిపించిందని మోసపోవద్దు. ఈ పిట్టలు గింజ ఒలుచుకుని పొట్టును అక్కడే వదులుతాయి. రోజూ ఉదయం గిన్నె పైన ఒకసారి ఊదండి. పొట్టు ఎగిరిపోయాక అడుగున నాలుగు గింజలే మిగలడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఒక్క రోజు పస్తుంటే చాలు, ఇంత చిన్న ప్రాణి నిలవదు.

వానాకాలంలో గూడు తీసేయండి. గూడు కనిపిస్తే గుడ్లు పెడతాయి, ఒంట్లో సున్నం లోటుంటే గుడ్డు అడ్డం పడి ఆడపిట్ట చనిపోవచ్చు. పచారీ కొట్లలో సముద్రపు నురుగు పేరుతో దొరికే తెల్లటి పెంకును ఏడాది పొడవునా పంజరానికి కట్టి ఉంచండి. ఆడపిట్ట ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చుంటే, పంజరానికి ఒక పక్క బయట 40 వాట్ల బల్బు వెలిగించి, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. పొట్ట నొక్కకండి. ఒంటికి నూనె రాయకండి.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజున: 1996 నవంబరు నాటి తుపాను చూసినవారికి కరెంటు ఎన్నాళ్లు లేకుండా పోతుందో చెప్పనక్కరలేదు. పది రోజుల గింజలు, మూత ఉన్న డబ్బాలో తాగునీరు పక్కన పెట్టుకోండి. లంక గ్రామాలవారు చేతిలో పట్టుకుపోయే చిన్న పంజరం సిద్ధంగా ఉంచుకోండి. 2022 జులై వరదలో చేసినట్టు పెద్ద పంజరాన్ని పడవ ఎక్కించడానికి తంటాలు పడకండి. రాత్రిపూట చిన్న బ్యాటరీ దీపం వెలిగించండి, ఉరుముకు బెదిరి చీకట్లో ఎగిరితే ఊచలకు కొట్టుకుని చస్తాయి. పంజరం స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, చీమలు ఎక్కవు. వాన నీటికి పొలాల్లోంచి పాములు, ఎలుకలు ఇళ్లలోకి చేరతాయి. ఊచల సందు చిటికెన వేలు దూరేంత ఉంటే వల చుట్టండి. కోళ్ల ఫారం నుంచి వచ్చినవారు చేతులు కడగకుండా పంజరం ముట్టుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోని కానూరు అగ్రహారంలో, వేల్పూరులో కోళ్లకు బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. కొత్త పిట్టను నెల రోజులు వేరే గదిలో ఉంచండి. మన దేశపు అడవి పిట్టలైన మునియాలకు రంగు వేసి అమ్మజూపితే కొనకండి, చట్టం ఒప్పుకోదు. ఇంటికి వచ్చిన చుట్టాలు దోమలు కుడుతున్నాయని కాయిల్ తీస్తే మొహమాటపడకండి, అగ్గిపెట్టె చేతిలోంచి తీసుకోండి.