ఇల్లు బీటలు వారితే: అది కాంట్రాక్టర్ లోపమేనని నిరూపించడం ఎలా?

గోడ బీట వారగానే చాలామంది కాంట్రాక్టర్‌కు ఫోను చేసి, "ఒకసారి మేస్త్రిని పంపండి" అంటారు. మేస్త్రి వస్తాడు, బీటలో సిమెంటు కూరుతాడు, పైన రంగు వేస్తాడు. ఏడాది తిరగకముందే అదే చోట మళ్లీ బీట. మొదటిది ఎప్పుడు పుట్టింది, ఎంత వెడల్పు, ఎటు సాగింది అని ఎవరైనా అడిగితే చూపడానికి మన దగ్గర ఏమీ ఉండదు. దయచేసి ఆ పూత పూయనివ్వకండి. ముందు స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీయండి, బీట రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి.

బీట ఉందని చూపితే సరిపోదు. అది కాంట్రాక్టర్ పనిలోని లోపం వల్ల వచ్చిందనీ, వేరే కారణం లేదనీ కూడా చూపాలి. ఎక్కువమంది ఓడిపోయేది ఈ చివరి మెట్టు దగ్గరే.

లక్షణం: గుమ్మాలు, కిటికీల మూలల నుంచి ఏటవాలు బీటలు, తలుపులు బిగుసుకుపోవడం

పునాది ఒకవైపు కుంగుతోందని సాధారణంగా దీని అర్థం. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. అందుకే బీట మే నెలలో తెరుచుకుని, వానల్లో కొంత మూసుకుంటే కారణం నేల కదలికేనని బలంగా అనుమానించాలి. రెండు కాలాల్లోనూ కొలవండి. బీటకు అడ్డంగా సన్నని గాజు పట్టీ పెట్టి, రెండు కొసలూ సిమెంటు ముద్దతో అతికించి తేదీ రాయండి. గోడ కదిలితే పట్టీ విరుగుతుంది. మేస్త్రులు వాడే లెవెల్ పైపుతో గోడల అడుగున అతికించే స్కర్టింగ్ రాళ్ల పై అంచు ఎత్తును ప్రతి గదిలోనూ కొలవండి. ఇల్లు ఏ మూలకు దిగిందో అంకెల్లో తేలుతుంది.

"ఇక్కడి నేలే అంత, నేనేం చేస్తాను?" అని కాంట్రాక్టర్ అంటాడు. నల్లరేగడి సంగతి ఈ ప్రాంతంలో ఇళ్లు కట్టేవారెవరికీ కొత్త కాదు. అలాంటి నేలలో మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే, కింద ఉబ్బెత్తు ఉండే కాంక్రీటు స్తంభాలు వేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. అయితే పునాది లోతు నిర్ణయించింది మీరు పెట్టుకున్న ఇంజనీరు అయితే, ఆ లోతు ప్రకారమే పని జరిగితే, బాధ్యత కాంట్రాక్టర్‌ది కాకపోవచ్చు. ఇది ముందే తేల్చుకోండి.

తేల్చేది గొయ్యి. మా బంధువుల ఇంటి దగ్గర కుంగిన మూలన ఫుటింగ్ (పిల్లర్ కింది పునాది దిమ్మ) పక్కనే తవ్వించాం. అగ్రిమెంటులో ఆరడుగుల లోతు అని ఉంది. టేపు దించితే నాలుగడుగుల దగ్గరే కాంక్రీటు అడుగు తగిలింది, దాని కింద జిగట నల్లమట్టి. కాంట్రాక్టర్ పక్కనే నిలబడి చూశాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తవ్వకం తేదీ, సమయం తెలుపుతూ వారం ముందే ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి ఉండటం వల్లే ఆ కొలతకు విలువ వచ్చింది. ఆయనకు తెలియకుండా తవ్వితే, "మీరే మట్టి తోడేశారు" అనేవాడు. ఫుటింగ్ చుట్టూ ఒకేసారి తవ్వకూడదు. ఒక్క పక్కనే, ఇంజనీరు సమక్షంలో తవ్వి, కొలత కాగానే పూడ్చేయండి.

లక్షణం: పిల్లర్లు, బీములు చిట్లడం, శ్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడటం

బీము కొసల్లో, పిల్లర్‌కు దగ్గరగా ఏటవాలు పగులు కనిపిస్తే సాక్ష్యం సంగతి తర్వాత. ఆ గది ఖాళీ చేసి, ఇంజనీరును పిలిచి, ఆయన చెప్పిన చోట ఆ రోజే సపోర్టులు పెట్టించండి.

ఇక కారణాలు: చువ్వల మీద తగినంత కవర్, అంటే కాంక్రీటు మందం, లేకపోవడం, చువ్వల చుట్టూ బిగించే రింగులు దూరంగా కట్టడం, కాంక్రీటు నాసిగా ఉండటం. వీటికి కొలబద్ద ఐఎస్ 456:2000 అనే భారతీయ కాంక్రీటు ప్రమాణం. దాని ప్రకారం సాధారణ పరిస్థితుల్లో పిల్లర్‌కు 40 మిల్లీమీటర్లు, శ్లాబుకు 20 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. పిల్లర్‌లో 12 మిల్లీమీటర్ల చువ్వలు వాడితే రింగుల మధ్య దూరం 192 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఏడున్నర అంగుళాలు మించకూడదు. చువ్వలు ఎక్కడున్నాయో, కవర్ ఎంతో పగలగొట్టకుండానే కనిపెట్టే యంత్రాలున్నాయి.

కాంక్రీటు బలానికి చాలామంది సుత్తి పరీక్షతో, అంటే రీబౌండ్ హ్యామర్‌తో సరిపెడతారు. అది పైపొర గట్టిదనాన్నే చెబుతుంది, ఫలితం 25 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. దానితో ఎక్కడ అనుమానమో గుర్తించి, అక్కడ కోర్, అంటే యంత్రంతో తొలిచి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్క, తీయించండి. కనీసం మూడు కోర్లు కావాలి. ఎం20 కాంక్రీటైతే (చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉండాల్సిన రకం) వాటి సగటు బలం చదరపు మిల్లీమీటరుకు 17 న్యూటన్లకు, ఏ ఒక్కదానిదీ 15 న్యూటన్లకు తగ్గకూడదు. పరీక్ష ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లోనే చేయించండి.

"మీరు నీళ్లు సరిగా కొట్టలేదు" అనేది ఇక్కడ వినిపించే జవాబు. క్యూరింగ్, అంటే కాంక్రీటును రోజూ తడపడం, ఎవరి బాధ్యతో అగ్రిమెంటులో చూడండి. సిమెంటు, ఇనుము మీరే కొని లేబర్ కాంట్రాక్ట్ ఇచ్చి ఉంటే నాసిరకం సరుకు నెపం మీ మీదికే వస్తుంది. కొన్న బిల్లులు బయటికి తీయండి. రింగుల దూరం, కవర్ మాత్రం ఏ కాంట్రాక్టులోనైనా పని చేసినవారి లెక్కే.

లక్షణం: పిల్లర్‌కూ గోడకూ మధ్య నిలువు సన్నగీత, పూత మీద సాలెగూడు లాంటి పగుళ్లు

ఇవి సాధారణంగా కట్టడానికి ప్రమాదం కాదు, పైపై లోపాలు. వీటిని పెద్ద బీటలతో కలిపి చెబితే అసలు ఫిర్యాదు పలచబడుతుంది.

సమస్య: "వరద వల్ల", "పక్కవాళ్ల సెల్లార్ వల్ల" అంటున్నాడు

2024 సెప్టెంబరులో బుడమేరు ముంపు తర్వాత విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి చోట వరదకు ముందు తీసిన ఫోటోలే ప్రాణం. గృహప్రవేశం, పుట్టినరోజు ఫోటోల్లో వెనక గోడలు వెతకండి. అదే వీధిలో అదే కాలంలో కట్టిన ఇళ్లు చెక్కుచెదరలేదంటే అది కూడా ఇంజనీరు నివేదికలో రాయించండి. మీరు తర్వాత వేసుకున్న పై అంతస్తు, కారుతున్న పైపు ఉంటే దాచకండి. అవతలివారు ఎలాగూ బయటపెడతారు.

సమస్య: రాతపూర్వక ఒప్పందం లేదు

బ్యాంకు చెల్లింపులు, సంతకాలున్న నోటు పుస్తకం, వాట్సాప్ సందేశాలు పనికొస్తాయి. ఫోనులోని సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. పాత ఫోను అమ్మేయకండి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు నోటీసు: లోపాలు, కొలతలు, బాగుచేయడానికి గడువు. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇల్లు కట్టివ్వడం చట్టప్రకారం సేవే. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లాలోనే వేయవచ్చు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. కాంట్రాక్టర్ "చూద్దాం, చేద్దాం" అంటూ గడిపే నెలలు ఆ లెక్కలోనే పోతాయి. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) పరిధిలోని ప్రాజెక్టులో ఫ్లాట్ కొన్నవారికి దారి వేరు: స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు లోపం చూపితే బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి.

ఫిర్యాదుతో పాటు ఇంజనీరు నివేదిక, ఆయన ప్రమాణపత్రం, మరమ్మతు అంచనా పెట్టండి. ఇల్లు పరిశీలించడానికి నిపుణుణ్ణి నియమించాలని కమిషన్‌నే కోరండి. ఆ పరిశీలన ముగిసేదాకా పునాది బలపరచడం, పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీటు తొడగడం) లాంటి పనులు మొదలుపెట్టకండి. వానలు ముంచుకొస్తుంటే, ముందుగా పరిశీలన జరిపించి మరమ్మతుకు అనుమతి ఇవ్వాలని మధ్యంతర దరఖాస్తు వేయండి.