ఫిట్స్ ఉన్న సంగతి ఫ్రెండ్స్‌కి ఎలా చెప్పాలి

ముందుగా ఒక్కరికి చెప్పండి, అందరికీ అక్కర్లేదు. నేను హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. అందుకే ఫిట్స్ వచ్చిన రోజు ఒకడు తాళాల గుత్తి తెచ్చి గుప్పిట్లో కుక్కాడు, ఇంకొకడు పళ్ల మధ్య స్పూన్ పెట్టబోయాడట. తెలివొచ్చేసరికి గుమ్మం నిండా జనం, నా ప్యాంటు తడిసిపోయి ఉంది. రూమ్మేట్ ఒక్కడే తన దుప్పటి నా మీద కప్పి, వెళ్లి తలుపేశాడు. మీ చుట్టూ ఉన్నవాళ్లలో అలా తలుపేసే మనిషెవరో చూసుకుని వాళ్లకు చెప్పండి.

మామూలు రోజున, టీ తాగుతూ చెబితే చాలు. "నాకు ఫిట్స్ ఉన్నాయిరా, మాత్రలు వాడుతున్నా. వస్తే ఒకటి రెండు నిమిషాల్లో అదే ఆగుతుంది. గట్టిగా పట్టుకోకు, నోట్లో ఏమీ పెట్టకు, తాళాలు వద్దు. తల కింద మెత్తటిదేదైనా పెట్టు, పక్కకు తిప్పి పడుకోబెట్టు, టైమ్ చూడు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చెయ్. లేచాక కాసేపు తికమకగా ఉంటా, ప్రశ్నలు వేయకుండా పక్కన కూర్చో." అంటుకుంటుందా అని అడిగితే నొచ్చుకోకండి, అంటుకోదని చెప్పండి.

నిద్ర తగ్గినా, మాత్ర తప్పినా ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి సెకండ్ షోకి పిలిస్తే రానని ఊరుకోకుండా "ఫస్ట్ షోకి పోదాం" అనండి, లేకపోతే మెల్లగా పిలవడమే మానేస్తారు. బండి వాళ్లను నడపనివ్వండి, పెట్రోలు మీరు కొట్టించండి. లెవెటిరాసెటమ్ లాంటి ఫిట్స్ మందుతో కొందరికి చిరాకు బాగా పెరుగుతుంది, ఊరికే అరిచేస్తుంటే ఫ్రెండ్‌కి సారీ చెప్పి సంగతి డాక్టర్‌కి కూడా చెప్పండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

పెళ్లి విషయంలో ఇంట్లోవాళ్లు దాచమంటారు. దాచకండి, నిశ్చితార్థానికి ముందే చెప్పండి. మూర్ఛ పెళ్లికి అడ్డన్న నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు, ఇంకా మనకెందుకు ఆ భయం?

ఇంకోటి, ఎప్పుడూ మన ఆరోగ్యం గురించే మాట్లాడితే ఎంత మంచివాళ్లయినా అలిసిపోతారు. మా రూమ్మేట్ వాళ్లమ్మ ఆపరేషన్ రోజు సాయంత్రం దాకా ఆస్పత్రి బెంచీ మీద వాడి పక్కనే ఉన్నా. రాత్రి నిద్ర చెడగొట్టుకోలేను కాబట్టి ఇంటికొచ్చి మాత్ర వేసుకుని పడుకున్నా, పొద్దున ఏడింటికి వాడికి ఇడ్లీలు కట్టించుకుని మళ్లీ వెళ్లా.